గెంతు కొలత

నడిమిలంక మునిసిపాలిటీలో పెద్దపాయ మీద ఉన్న వంతెన ఒక సినిమా. సినిమాలో చూపించిన వంతెన అని కాదు, వంతెనే సినిమా. ఇవతలి గట్టున పాత పంపుహౌసు మేడ మీద ప్రొజెక్టరు ఉంటుంది. అందులో ఫిల్ము తిరుగుతున్నంతసేపూ ఏటి మీద వంతెన ఉంటుంది, జనం దాని మీద నడుచుకుంటూ అవతలి గట్టుకి వెళ్ళిపోతారు. ఫిల్ము అయిపోయాక వంతెన ఉండదు. రోజుకి ఎనిమిది ఆటలు. అటు వెళ్ళేవి నాలుగు, ఇటు వచ్చేవి నాలుగు. ఇటు వచ్చే ఆటలకి ఫిల్మును వెనక్కి తిప్పుతారు.

పదకొండేళ్ళ కిందట వంతెన మంజూరైనప్పుడు కాంట్రాక్టరు బుల్లబ్బాయి గారు వేరే జిల్లాలో ఒక మంచి వంతెన చూసుకున్నాడు. కెమెరా పట్టుకున్న మనిషినొకణ్ణి దాని మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించి, ఆ ఫిల్ము తెచ్చి మునిసిపాలిటీకి అప్పజెప్పాడు. క్వాలిటీ కంట్రోల్ వాళ్ళు వచ్చి చూసి, చాలా బావుందని రాశారు. బావుంటుంది కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. రెయిలింగుకి ఆకుపచ్చ రంగు, పక్కన దీపస్తంభాలు, ఒకచోట రెయిలింగు మీద ఒంటికాలి కాకి. మధ్యాహ్నం ఎండకి వంతెన కాస్త పలచబడుతుంది కాబట్టి లావుపాటి మనుషులు సాయంత్రం దాకా ఆగాలని బోర్డు పెట్టారు. కెమెరా మనిషి సగం దూరంలో నిలబడి బీడీ వెలిగించుకున్నాడు కాబట్టి ఊరంతా అక్కడ అరనిమిషం ఆగుతుంది. ఆ అరనిమిషంలో ఊళ్ళో కొన్ని పెళ్ళిసంబంధాలు కూడా కుదిరాయి.

సినిమా అన్నాక సెన్సారు తప్పదు. వాళ్ళు చూసి, ఒకచోట వెనకాల ఏదో పార్టీ జెండా కనపడుతోందని రెండడుగుల ఫిల్ము కత్తిరించారు. రెండడుగుల ఫిల్మంటే సెకనుంపావు నడక. అందుకని బీడీ చోటు దాటాక, కాకికి కొంచెం ఇవతల, వంతెన ఉండదు. అక్కడికి రాగానే మేడ మీంచి ఆపరేటరు మస్తాన్ విజిలు వేస్తాడు, జనం గెంతుతారు. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు గెంతుతారు, కావిళ్ళవాళ్ళు గెంతుతారు, పెళ్ళికొడుకులు బాసికం ఒక చేత్తో పట్టుకుని గెంతుతారు. ఎంత అలవాటంటే, నడిమిలంక మనుషులు ఏ ఊరెళ్ళినా విజిలు వినపడగానే ఒక గెంతు గెంతుతారు. రైల్వే ప్లాట్‌ఫారాల మీద వాళ్ళని అలాగే గుర్తుపడతారు.

గనిరాజు దర్జీ. బజార్లో రెండు కుట్టుమిషన్లు, ఒక అద్దం, భార్య నూకరత్నం. కొలత అంటే ఆ మనిషికి పిచ్చి. చొక్కా కొలతలు రాసుకునే నోటుబుక్కులోనే మొదటి పేజీలో పైన రాసుకున్నాడు: 'వంతెన గెంతు - 58'. దర్జీ టేపు అరవై అంగుళాలు. అంటే గెంతు, టేపుకి రెండంగుళాలు తక్కువ. "ఎక్కువ గెంతితే ఆయాసం, తక్కువ గెంతితే ఏరు. అరవై గెంతితే చాలే" అని పెళ్ళైన కొత్తలో నూకరత్నానికి దుకాణం ముందు సుద్దముక్కతో గీతలు గీసి నేర్పించాడు. ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని గీత నుంచి గీతకి గెంతుతుంటే బజారంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

శ్రావణమాసంలో, పాయ ఎర్రనీళ్ళతో ఒడ్డులు ఒరుసుకుంటున్నప్పుడు, గనిరాజు ఉదయం మొదటి ఆటకి బయలుదేరాడు. అవతలి గట్టున హైస్కూలు యూనిఫారాలు అక్కడే కూర్చుని కుట్టాలి. భుజాన మిషను తలకాయ ఉంది. ఎప్పట్లాగే అందరికన్నా ముందు నడిచాడు. మస్తాన్ విజిలు వేశాడు. గనిరాజు గెంతాడు. గెంతి దిగిన చోట వంతెన లేదు.

వెనక పదకొండుమంది ఉన్నారు. మస్తాన్ చటుక్కున ప్రొజెక్టరు ఆపి ఫిల్మును ఒకే ఫ్రేము మీద నిలబెట్టాడు. దీపం వేడికి ఆ ఫ్రేము గోధుమరంగుకి తిరిగి, మధ్యలో బుడగ లేచి కాలిపోయేలోగా జాలర్లు పడవ తెచ్చి పదకొండుమందినీ దింపేశారు. గనిరాజు మర్నాడు సాయంత్రం దిగువ రేవులో దొరికాడు. ప్రభుత్వ వంతెనలో ఒక ఫ్రేము తగలబెట్టినందుకు మస్తాన్‌కి మెమో ఇచ్చారు. వంతెనని సాంకేతిక కారణాల వల్ల మూసేసి, ఫిల్ము డబ్బాకి లక్క ముద్ర వేసి కమిషనర్ గారి బీరువాలో పెట్టారు. జనం పడవల మీద దాటుతున్నారు. పడవలో కూడా ఆ చోటుకి రాగానే కొందరు లేచి నిలబడుతున్నారని జాలర్లు విసుక్కున్నారు.

పెద్దకర్మ అయిన వారానికి విచారణ రిపోర్టు వచ్చింది. ఇంజనీరింగు సెక్షను డి.ఈ. చక్రధర్ గారు సంతకం చేశాడు. అందులో అయిదో లైనులో ఇలా ఉంది: 'మృతుడు నిర్ణీత స్థలమున గెంతకపోవుట వలన ప్రమాదము సంభవించినది.'

నూకరత్నం ఆ లైను రెండుసార్లు చదువుకుంది. అప్పటిదాకా ఏడుస్తూనే ఉన్న మనిషికి ఏడుపు ఆగిపోయింది. ఒళ్ళు మండిపోయింది. రేవులో ఆడవాళ్ళు అప్పటికే "పాపం, గెంతడం మర్చిపోయాడంట" అనుకుంటున్నారు. మర్చిపోవడమా? జేబు మూత అర అంగుళం పక్కకి పోయిందని మూడుసార్లు విప్పి కుట్టిన మనిషా మర్చిపోయేది?

సోమవారం అర్జీల రోజు. ఆమె టేపు మెళ్ళో వేసుకుని, నోటుబుక్కు చంకన పెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళింది.

"మా ఆయన గెంతేడండీ," అంది.

డి.ఈ. చక్రధర్ చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "చూడమ్మా. గెంతినవాళ్ళు ఎవరూ పడరు. పదకొండేళ్ళ రికార్డు ఉంది. ఆయన పడ్డాడు. అంటే గెంతలేదనే కదా?"

"వంతెన లేకపోతే గెంతినోళ్ళు కూడా పడతారండి."

"వంతెన ఉందమ్మా. ఎం-బుక్కులో ఉంది." కొలతలు రాసే ఆ లావుపాటి పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. ఈ చివర నుంచి ఆ చివరికి వంతెన పొడవు, అందులో మినహాయించిన గెంతు, కింద మూడు సంతకాలు. "ఇందులో ఉన్నది ఏట్లో లేకుండా ఎలా ఉంటుంది?"

"అయితే మీరూ రండి, అక్కడికే ఎల్లి కొలుద్దాం."

"వంతెన మూసేసి ఉంది కదమ్మా. తెరిచాక కొలవచ్చు. నీ అర్జీ మీద విచారణ అయ్యాకే తెరుస్తారు. విచారణకి కొలత కావాలి."

అది ఎటు తిప్పి చూసినా గుండ్రంగానే ఉంది. నూకరత్నం అర్జీకి రసీదు తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ సోమవారం వచ్చింది. ఆ పై సోమవారం కూడా వచ్చింది. ఏం కావాలని అడిగిన వాళ్ళందరికీ ఒకటే చెప్పింది. అయిదో లైను కొట్టేసి 'గెంతాడు, వంతెన లేదు' అని రాయాలి. రెండు మాటలు. ఇంకేమీ వద్దు.

గనిరాజు ఒప్పుకున్న యూనిఫారాలు మిగిలిపోయాయి. నూకరత్నం కుట్టుకుంటూ కూర్చుంది. కార్తీకమాసంలో పక్కనున్న పుంతదిబ్బ ఊరి బడికి కొలతలు తీసుకోవడానికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఊరి మొగదల మురుగుకాలవ మీద కొత్తగా ఒక కల్వర్టు పడింది. చింతచెట్టు కింద చిన్న ప్రొజెక్టరు, ప్రారంభోత్సవం అట్టముక్క, వాడిపోయిన బంతిపూల దండ. ఆకుపచ్చ రెయిలింగు చూసి ఆమె నడక తగ్గించింది. రెయిలింగు మీద ఒంటికాలి కాకి ఉంది. అది ఎడంపక్కకి మెడ తిప్పి, ఒకసారి రెక్క దులుపుకుని, అరిచినట్టు నోరు తెరిచింది.

ఆ కాకిని ఆమె పదేళ్ళుగా చూస్తోంది. గనిరాజు దాన్ని రోజూ "ఏం బావా, బావున్నావా" అని పలకరించేవాడు. గెంతి దిగగానే ఎదురుగా ఉండేది అదే.

నూకరత్నం మురుగుకాలవ గట్టు మీద కూలబడి కాసేపు కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత లేచి, టేపు తీసి కల్వర్టు కొలిచింది. నూటడెబ్భై నాలుగంగుళాలు. నోటుబుక్కులో రాసుకుని, తారీకు వేసి, బడికి వెళ్ళి ముప్ఫై ఒక్కమంది పిల్లలకి నిక్కరు కొలతలు తీసుకుని ఇంటికొచ్చింది.

మస్తాన్ ఆపరేటర్‌కి ఇంకో ఏడాదిన్నరలో రిటైర్మెంటు. ఊళ్ళో టాకీసు మూతపడ్డాక మునిసిపాలిటీ ఇంజనీరింగు సెక్షన్లో 'వంతెన ఆపరేటరు' అనే ఉద్యోగం పుడితే అందులో చేరాడు. ఆ మూడు నెలలూ నూకరత్నం ఎదురుపడితే సందు మార్చుకుని వెళ్ళేవాడు. ఆమె పంపుహౌసు మెట్ల మీద కూర్చుంది. ఇంక సందు లేదు.

"నీ కాకి పుంతదిబ్బలో ఉంది బాబాయ్."

మస్తాన్ పై మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకు ముందు తెలవదే రత్నం. అల్లా మీద ఒట్టు. ముందురోజు నేను ఇంటికెళ్ళేక వచ్చి కోసుకుపోయేరు. గనిరాజు పడ్డాక ఫిల్ము చూత్తే కొత్త జాయింటు కనపడింది. ఆరడుగుల ఫిల్ము లేదు. ఆరడుగులంటే నాలుగు సెకన్ల నడక."

"ఎవరు కోసేరు?"

"బుల్లబ్బాయి గోరి మనిషి. డి.ఈ. గోరు నోటిమాటగా చెప్పేరంట. పుంతదిబ్బోళ్ళకి కల్వర్టు చూపించాలి, టైము లేదు, కొత్తగా తీయడమెందుకు, ఇక్కడ వంతెన పొడుగ్గానే ఉంది గదా అని."

"ఎక్కడైనా రాసేవా?"

"డ్యూటీ రిజిస్టర్లో రాసేను. రాయకుండా ఉండలేను, అలవాటు. ఆ పేజీ ఎవరూ చూడలేదు."

"నువ్వు నా తరఫున ఏం మాట్లాడక్కల్లేదు బాబాయ్. రాసింది చదువు. అంతే."

మస్తాన్ ఏడ్చాడు. "విజిలు నేనే ఏసేనే తల్లీ. నా విజిలు వినే గెంతేడు," అన్నాడు. నూకరత్నం అతని పక్క మెట్టు మీదకి జరిగి కూర్చుంది. తను ఓదార్చాలో, అతను ఓదార్చాలో తెలియక ఇద్దరూ ఏటి వంక చూస్తూ ఉండిపోయారు.

పందొమ్మిదో సోమవారం కమిషనర్ గారు ఆమె అర్జీ ఫైలు మొత్తం చదివాడు. కొత్తగా వచ్చిన మనిషి, సాఫీగా మాట్లాడతాడు. కాకి మాట దగ్గర పెన్ను కింద పెట్టి, మస్తాన్‌ని పిలిపించి రిజిస్టరు చదివించాడు. మస్తాన్ ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. డి.ఈ. చక్రధర్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. బహిరంగ విచారణ జరపాలని, ప్రత్యేక ఆట వేసి అందరి ముందూ కొలవాలని, ఆ కొలవడాన్ని వీడియో తీయాలని కమిషనర్ గారు ఉత్తర్వు రాశాడు. వీడియో కాంట్రాక్టు నిబంధనల ప్రకారం పిలిస్తే ఒకే ఒక్క టెండరు వచ్చింది. అది బుల్లబ్బాయి గారిది.

వంతెన లేనిచోటుని కొలవడం అంత తేలిక కాదు. ఫిల్ము నడుస్తుంటే ఆ ఖాళీ రెప్పపాటులో దాటిపోతుంది. ఈ చిక్కు విప్పింది నూకరత్నమే. పడవలో వెదురుబొంగులతో జాలర్లని నిలబెట్టింది. మస్తాన్ ఖాళీకి ముందున్న ఆఖరి ఫ్రేము మీద ఆపగానే, వంతెన ఎక్కడ తెగిందో అక్కడ ఏట్లో ఒక బొంగు పాతారు. మస్తాన్ ఒక్క ఫ్రేము ముందుకి జరిపాడు. వంతెన మళ్ళీ ఎక్కడ మొదలైందో అక్కడ రెండో బొంగు పాతారు. గట్టు మీద ఊరంతా ఉంది. కమిషనర్ గారికి గొడుగు పట్టారు. బుల్లబ్బాయి గారు కెమెరా పక్కన నిలబడి, వెలుతురు బాగా పడుతోందని మెచ్చుకున్నాడు.

నూకరత్నం పడవలో నిలబడి మెళ్ళో టేపు తీసింది. ఒక టేపు. రెండు టేపులు. మూడు టేపులు. పైన యాభై రెండు.

"రెండొందల ముప్ఫై రెండంగుళాలండీ!" అని గట్టు మీదకి వినపడేలా అరిచింది. "నోటుబుక్కులో పాత గెంతు యాభై ఎనిమిది. పుంతదిబ్బ కల్వర్టు నూటడెబ్భై నాలుగు. రెండూ కలపండి. ముక్కకి ముక్క సరిపోయింది. ఆయన యాభై ఎనిమిదికి గెంతేడు. ఇక్కడ వంతెన లేదు!"

డి.ఈ. చక్రధర్, అది దర్జీ టేపనీ, డిపార్టుమెంటు టేపు కాదనీ గుర్తుచేశాడు. డిపార్టుమెంటు టేపు తెప్పించారు. దానికీ అంతే వచ్చింది. కమిషనర్ గారు అక్కడికక్కడే ఎం-బుక్కు తెప్పించి, 58 అనే అంకెని ఎర్ర సిరాతో కొట్టేసి, 232 అని రాసి సంతకం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. నూకరత్నం పడవలో కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళకి ఒకడు నిజం రాశాడు కదా అనుకుంది.

సవరించిన రిపోర్టు శుక్రవారం వచ్చింది. అయిదో లైను కొట్టేశారు. దాని స్థానంలో కొత్త లైను ఉంది: 'మృతుడు గెంతినాడు. అయితే గెంతు చాలలేదు.'

ఆమె కాగితం పట్టుకుని కమిషనర్ గారి గదిలోకి వెళ్ళింది.

"పందొమ్మిది అడుగులు ఎవరు గెంతుతారండీ?"

"నేర్పిస్తామమ్మా," అన్నాడు కమిషనర్ గారు. వెటకారంగా కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. "ఆ ఆరడుగుల ఫిల్మూ వెనక్కి తెద్దామని నేనూ చూశాను. పుంతదిబ్బ కల్వర్టుకి ప్రారంభోత్సవం అయిపోయింది. తీస్తే ఆ ఊరివాళ్ళు పడతారు. కొత్త ఫిల్ముకి ప్రతిపాదన పంపాను, రావాలి. ఈలోపు మనం చెయ్యగలిగింది మనం చెయ్యాలి కదా. ఎం-బుక్కులో నిజం రాశాను. నా ముందున్నవాళ్ళు అదైనా రాశారా చెప్పు?"

"వంతెన లేదని రాయండి."

"ఉంది కదమ్మా. గెంతు పోను మిగతాది ఉంది."

నూకరత్నం ఆ కాగితం బల్ల మీద పెట్టేసి బయటికి నడిచింది. రసీదు కూడా అడగలేదు. ఆ కాగితం ఇప్పటికీ ఆ ఆఫీసులో, ఎవరూ తీసుకెళ్ళని కాగితాల కవరులో ఉంది.

మునిసిపల్ మైదానంలో గెంతు శిక్షణ శిబిరం మొదలైంది. హైస్కూలు పి.ఇ.టి. మాస్టారు ఇసక పోయించి, సున్నంతో గీతలు గీయించాడు. వార్డుల వారీగా పిలిచారు. హాజరు పట్టీ పెట్టారు. మొదట్లో నడుములు పట్టేశాయి, చీలమండలు బెణికాయి, అమృతాంజనం సీసాలు బజార్లో దొరకలేదు. కాని నడిమిలంక మనుషులు పట్టుదల గలవాళ్ళు. ఫాల్గుణమాసానికల్లా ఊళ్ళో మూడొంతుల మంది పందొమ్మిది అడుగులూ గెంతేస్తున్నారు. చంకన పిల్లలున్నవాళ్ళు పిల్లల్ని ముందు విసిరి, తర్వాత తాము గెంతి, గాల్లో ఉండగానే అందుకుంటున్నారు. అరవై దాటినవాళ్ళకి మినహాయింపు ఇచ్చారు, వాళ్ళు అవతలి గట్టుకి వెళ్ళనక్కర్లేదు. వంతెన మళ్ళీ తెరిచారు. గెంతగలిగినవాళ్ళు గెంతలేనివాళ్ళని చూసి, ఆ మాత్రం సాధన చెయ్యలేకపోయారా అని జాలిపడడం మొదలుపెట్టారు.

ఈలోగా బుల్లబ్బాయి గారు విచారణ వీడియోని కత్తిరించి, అతికించి, వెనకాల వయొలిన్ పెట్టించి గంటన్నర సినిమా చేశాడు. నూకరత్నం ఆఫీసు మెట్లెక్కడం, పడవలో టేపు పట్టుకుని నిలబడడం, రెండు బొంగుల మధ్య నీళ్ళు. రాజధానిలో పెద్దలు చూసి, స్థానిక అవినీతికి సామాన్యులు బలైపోవడాన్ని ఇంత నిర్దయగా చూపించిన చిత్రం ఇటీవల రాలేదని బహుమతి ఇచ్చారు. సన్మానసభ అవతలి గట్టున కల్యాణమండపంలో పెట్టారు. ఊరంతా వెళ్ళింది. నూకరత్నానికీ ఆహ్వానం వచ్చింది. ఆమె పడవలో దాటి, వెనక వరసలో కూర్చుంది.

సినిమా వేశారు. జనం ఏడ్చారు. డి.ఈ. చక్రధర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బుల్లబ్బాయి గారు శాలువా కప్పించుకుని, "ఇలాంటి ఘోరాలు ఇంకే ఊళ్ళోనూ జరక్కూడదండీ. అందుకే తీసేనండి ఇది," అన్నాడు. నిజంగానే కదిలిపోయి అన్నాడు, అందులో నటన ఏమీ లేదు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తర్వాత సాయంత్రం ఆటకి వేళైందని ఎవరో కేకేస్తే అందరూ కళ్ళు తుడుచుకుంటూ వంతెన దగ్గరికి వెళ్ళారు. విజిలు పడగానే గెంతి, ఇళ్ళకి వెళ్ళిపోయారు.

నూకరత్నం రేవులో నిలబడి అది చూసింది. ఒక్కడైనా గెంతే ముందు కిందకి చూస్తాడేమోనని చివరి మనిషి దాకా చూసింది.

మర్నాటి నుంచి ఆమె ఉదయం మొదటి ఆటకి పడవ వేసుకుని ఏట్లోకి వెళుతోంది. అవతలి బొంగు అక్కడే ఉంది, దానికి పడవ కడుతుంది. ఇవతలి బొంగు పీకి, జనం బీడీ చోట ఆగిన అరనిమిషంలో, ఇవ్వాళ వంతెన ఎక్కడ తెగుతుందో అక్కడ పాతుతుంది. టేపు తీసి ఖాళీ కొలుస్తుంది. గనిరాజు నోటుబుక్కులో తారీకు వేసి అంకె రాస్తుంది. తలెత్తి, పైన నడిచి వస్తున్నవాళ్ళకి వినపడేలా గొంతు చించుకుని అరుస్తుంది: "ఇక్కడ వంతెన లేదు! రెండొందల ముప్ఫై రెండంగుళాలు!" తర్వాత దుకాణానికి వెళ్ళి మిషను ముందు కూర్చుంటుంది. వాన పడ్డా, ఒంట్లో బాగోకపోయినా ఒక్కరోజు కూడా మానలేదు. ఎన్నాళ్ళిలా అని అడిగితే, "ఎవడో ఒకడు ఆగేదాకా," అంటుంది.

మస్తాన్ రిటైరయ్యాడు. ప్రొజెక్టరుకి మోటారు పెట్టారు, స్విచ్చి వేస్తే దానంతటదే తిరుగుతుంది. విజిలు వెయ్యడానికి మాత్రం మనిషిని వెయ్యలేదు, అక్కర్లేదని తేలింది. కమిషనర్ గారు పోయిన నెల ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఉదయం ఆటలో పాదచారులు శ్రీమతి నూకరత్నం గారి కేకనే గెంతుటకు సూచనగా గ్రహించవలెను. మిగతా ఏడు ఆటలకి ఆ కేకనే రికార్డు చేసి వేయవలెను.

నోటుబుక్కులో నిన్నటి అంకె రెండొందల అరవై ఒకటి. ఇంకెక్కడో ఇంకో కల్వర్టు పడి ఉంటుంది. మైదానంలో పి.ఇ.టి. మాస్టారు సున్నం గీత వెనక్కి జరిపించాడు.

ఇవ్వాళ ఉదయం కూడా ఆమె కొలిచింది, రాసింది, తలెత్తింది. పైన ముందు నడుస్తున్న మనిషి ఎవరో కొత్త దర్జీ, భుజాన మిషను తలకాయ ఉంది. ఆమె పడవలో మునివేళ్ళ మీద లేచి, ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది.

"ఇక్కడ వంతెన లేదు!"

అతను చక్కగా విని, మోకాళ్ళు వంచి, గెంతాడు. వెనక ఊరు గెంతింది.